మండపం కుదిరింది.. వంటశాల మాటేమిటి?

ఎలమంచిలి: లగ్నపత్రిక రాసుకున్న మరునాడే పెళ్ళివారింట మొదలయ్యే పని కల్యాణ మండపం వెదకడం. ముహూర్తానికి ఖాళీ ఉందా, అద్దె ఎంత, బంధువులందరూ పడతారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకగానే అడ్వాన్సు చెల్లించి ఊపిరి పీల్చుకోవడం పరిపాటి. నాలుగవ ప్రశ్న చాలామందికి ఆ తరువాత గాని తట్టదు. మన వంటవారిని తెచ్చుకోనిస్తారా? 'బయటి వంటకు అనుమతి లేదు, ప్లేటు లెక్కన మేమే పెడతాం' అన్న మాట అడ్వాన్సు రశీదు చేతికి వచ్చిన తరువాత వినబడితే, అప్పటివరకు వేసుకున్న ఖర్చు అంచనా అంతా తలకిందులవుతుంది.

ఎలమంచిలి పరిసరాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇక్కడ పెళ్ళి చేసే కుటుంబాలలో అధిక భాగం వరి, చెరకు పండించే రైతులు, చిరు వ్యాపారులు, అచ్యుతాపురం వైపు పరిశ్రమలకు నిత్యం వెళ్ళివచ్చే కార్మికులు, చిన్న ఉద్యోగులు. ఇంటి బియ్యం ఉంటుంది. పెరటి కూరగాయలు ఉంటాయి. పాడి ఉన్న ఇంట పెరుగు కొననక్కరలేదు. బెల్లం కోసం దేశమంతటా పేరుపొందిన అనకాపల్లి మార్కెట్ సుమారు 25 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ప్లేటు లెక్కన భోజనం పెట్టే మండపంలో వీటిలో దేనికీ విలువ లేదు. సొంత గాదెలో ధాన్యం ఉంచుకుని అన్నాన్ని కొనుక్కోవలసి వస్తుంది. ఆ డబ్బు అప్పు చేసి తెచ్చినదైతే వడ్డీ అదనం.

అద్దె ఒక్కటే చూస్తే..

లెక్క తేటపడేందుకు రెండు మండపాలను ఊహించుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే గాని ఏ మండపానివీ కావు. మొదటి మండపం అద్దె రూ.50 వేలు, బయటి వంటకు అభ్యంతరం లేదు. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.9 వేలు కలిపితే రూ.59 వేలు. దినుసులు, వంటవారి కూలి, గ్యాస్, సామాను అద్దె అన్నీ కలిపి ఒక భోజనానికి మనిషికి రూ.160 పడిందనుకుంటే 500 మందికి రూ.80 వేలు. మొత్తం రూ.1,39,000.

రెండవ మండపానికి 'అద్దె లేదు'. భోజనం మాత్రం వారిదే, ప్లేటు రూ.380, కనీసం 500 ప్లేట్లకు హామీ ఇవ్వాలి. రూ.1,90,000 పైన 5 శాతం పన్ను రూ.9,500 కలిపి రూ.1,99,500 అవుతుంది. అద్దె లేని మండపమే రూ.60,500 ఎక్కువన్నమాట. ఇది ఒక్క పూట లెక్క. సాయంత్రం ఫలహారం, మరునాటి ఉదయం టిఫిను, అప్పగింతల భోజనం కూడ వారి వద్దే తీసుకోవాలంటే వ్యత్యాసం ఇంకా పెరుగుతుంది.

ఇందులో ఎక్కువగా దెబ్బతీసేది 'కనీస ప్లేట్ల హామీ'. 500 మందికి హామీ ఇచ్చి 380 మందే వస్తే, తినని 120 ప్లేట్లకు రూ.45,600 చెల్లించాలి. సొంత వంటలో అయితే ఆ పూట వంటమేస్త్రి జనాన్ని చూసి ఎసరు తగ్గిస్తాడు. బియ్యం బస్తా మూట విప్పకుండానే ఇంటికి తిరిగివస్తుంది.

అయితే బయటి వంట అన్నివేళలా చౌక అని చెప్పడానికి వీలులేదు. ఇవే ధరలతో 100 మందికి మించని పెళ్ళి అయితే, 100 ప్లేట్ల హామీతో రెండవ మండపంలో రూ.39,900తో పని జరుగుతుంది. మొదటి దానిలో అద్దె, వంట కలిపి రూ.75 వేలు అవుతుంది. పైగా దినుసులు తేవడం, వంటవారిని కనిపెట్టి ఉండడం, వడ్డనకు మనుషులను చూడడం చేయగల మేనమామో, బాబాయో ఇంట లేకపోతే ప్లేటు లెక్కే మేలనిపిస్తుంది. పిలిచేవారి సంఖ్య 200 దాటినప్పుడు మాత్రం ఈ రెండు లెక్కలూ కాగితంపై వేసి చూడనిదే అడ్వాన్సు ఇవ్వరాదు.

చట్టం ఎవరి పక్షం?

'డబ్బు కట్టి అద్దెకు తీసుకున్నాం, మన భోజనం తెచ్చుకునే హక్కు మనకు లేదా?' అన్న ప్రశ్న సహజమే. ప్రైవేటు మండపం యజమాని బయటి ఆహారాన్ని అనుమతించి తీరాలని చెప్పే ప్రత్యేక చట్టమేదీ లేదు. దీనికి దగ్గరి వ్యవహారం సినిమా హాళ్ళది. ప్రేక్షకులు బయటి తినుబండారాలు తెచ్చుకోవచ్చని జమ్మూకాశ్మీర్ హైకోర్టు 2018లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న కొట్టివేసింది. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ పి.ఎస్.నరసింహలతో కూడిన ధర్మాసనం, హాలు ప్రైవేటు ఆస్తి గనుక ప్రజాహితానికి, భద్రతకు విరుద్ధం కానంతవరకు షరతులు విధించే హక్కు యజమానికి ఉందని స్పష్టం చేసింది. తాగునీరు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల కోసం తెచ్చుకునే ఆహారాన్ని అడ్డుకోరాదని కూడ అందులో గుర్తుచేసింది.

తీర్పు సినిమా హాళ్ళ గురించే అయినా, మండపం యజమాని కూడ ఇదే వాదన చేయగలడు. కనుక బయటి వంట విషయంలో మనకు రక్ష ఒప్పందంలో రాయించుకున్న మాటే. ముందు చెప్పని షరతును తరువాత రుద్దడం, రాసిచ్చిన మాట తప్పడం, బిల్లు ఇవ్వకపోవడం వేరు సంగతి. అవి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి.

'బయటి ఆహారం' అంటే ఏది?

మండపం వారు 'బయటి ఆహారానికి అనుమతి ఉంది' అన్నప్పుడు ఆ మాటకు అర్థం ఒక్కటే అనుకోవడం పొరపాటు. మన వంటమేస్త్రి వచ్చి మండపం వంటశాలలోనే వండటం ఒకటి. క్యాటరింగ్ వారు వేరేచోట వండి, వేడిగా తెచ్చి ఇక్కడ వడ్డించడం మరొకటి. మొదటిదానికి సరేనని రెండవదానికి ఒప్పుకోనివారు ఉన్నారు. వంటశాల లేనందున వండిన పదార్థాలే తెచ్చుకోవాలనే మండపాలూ ఉన్నాయి. ఇంకొన్నిచోట్ల 'మా జాబితాలోని క్యాటరర్లలో ఎవరినైనా పెట్టుకోండి' అంటారు. జాబితా బయటివారిని తెస్తే 'రాయల్టీ' పేరిట కొంత సొమ్ము వసూలు చేస్తారు. ఆ సొమ్ము క్యాటరర్ చెల్లించినా చివరకు పడేది ప్లేటు ధరమీదే.

వీటన్నిటికంటె సున్నితమైనది సారె. పెళ్ళికూతురితో పంపే లడ్డూలు, అరిసెలు, కజ్జికాయలు, మిఠాయి, చలిమిడి ఏ మండపంలోనూ వండేవి కావు. ఇంట్లోనో, వీధిలో అమ్మలక్కలందరూ చేరో చేసుకునేవి. నైవేద్యానికి మడితో వండి తెచ్చేది కూడ బయటి ఆహారమే. 'బయటి తినుబండారాలు నిషిద్ధం' అని గోడకు రాసిన మండపంలో సారె బుట్టలు గుమ్మం దగ్గర ఆగిన పక్షంలో ఆ క్షణాన జరిగే రభసకు ఏ న్యాయస్థానమూ పరిహారం ఇప్పించలేదు. ఎక్కువమంది యజమానులు సారెకు, నైవేద్యానికి అడ్డు చెప్పరు. అయినా ఆ మాటను ఒప్పందంలో ఒక వాక్యంగా చేర్చడం తప్పు కాదు. ఐస్‌క్రీం, కిళ్ళీ, కూల్‌డ్రింకుల బల్లలు బయటినుండి పెట్టుకోవచ్చునా అన్నది కూడ అప్పుడే తేల్చుకోవాలి. కొన్ని మండపాలలో భోజనం మనదైనా వీటిని మాత్రం వారి మనుషుల వద్దే తీసుకోవాలంటారు.

మాంసాహారం ప్రసక్తి కూడ ఇక్కడే వస్తుంది. దేవస్థానాల మండపాలలో మాంసం, గుడ్డు, మద్యం పనికిరావు. ముహూర్తం నాడు శాకాహారం పెట్టి మరునాడు మాంసాహార విందు చేసే ఇళ్ళవారు ఆ రెండవ విందును ఇంటివద్దనో, వేరేచోటనో జరుపుకోవాలి. ప్రైవేటు మండపాలలోనూ శాకాహారానికే పరిమితమైనవి ఉన్నందున ముందే అడగడం మంచిది.

ఎక్కడెక్కడ వెదకాలి?

అంతర్జాలంలో వెదికేవారికి ముందుగా ఒక చిక్కు ఎదురవుతుంది. మన ఊరిపేరు ఎలమంచిలి అని కొందరు, యలమంచిలి అని కొందరు రాస్తారు. పశ్చిమ గోదావరి జిల్లాలో పాలకొల్లు దగ్గర మరో యలమంచిలి మండలం ఉంది. పైగా అది ఇంటిపేరు కూడ. ఫోనులో కనబడిన 'యలమంచిలి ఫంక్షన్ హాలు' ఏ జిల్లాదో చూసుకోకుండా బేరమాడినవారు నవ్వులపాలవుతారు. అనకాపల్లి జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు నమోదైన చిరునామాలలో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. కనుక రెండు జిల్లాల పేర్లతోనూ వెదకాలి. అన్నిటికంటె నమ్మకమైన సమాచారం మాత్రం షామియానా, వంటసామాను అద్దెకిచ్చే దుకాణాలలో దొరుకుతుంది. ఏ మండపానికి గుండిగలు, గాడిపొయ్యి సామాను పంపుతున్నారో, ఏ మండపం గేటువద్దనుండి తిప్పి పంపుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వంటమేస్త్రిని అడిగినా అదే.

బయటి వంటకు సాధారణంగా అభ్యంతరం ఉండనివి స్థానిక సంస్థల సామాజిక భవనాలు. ఎలమంచిలి 2011లో పురపాలక సంఘమైంది. పురపాలక భవనాలైతే మున్సిపల్ కార్యాలయంలో, చుట్టుపక్కల గ్రామాల సామాజిక భవనాలైతే పంచాయతీ కార్యాలయంలో అద్దె, తేదీ విచారించాలి. సొమ్ము కార్యాలయంలోనే చెల్లించి రశీదు తీసుకోవాలి గాని కాపలాదారు చేతికి ఇవ్వరాదు. వీటిలో హంగులు తక్కువ. మరుగుదొడ్లు, నీటి వసతి స్వయంగా వెళ్ళి చూసుకుని, లోపమున్నచోట ట్యాంకరు ఖర్చు కలుపుకోవాలి.

కులసంఘాలు, వర్తక సంఘాలు కట్టించిన మండపాలు, సత్రాలు మరొక తరగతి. సంఘ సభ్యులకు ఒక అద్దె, ఇతరులకు మరొక అద్దె ఉంటుంది. కొన్ని అందరికీ ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. సొంత వంటను వీరు సాధారణంగా కాదనరు. అసలు ఇవి పుట్టినదే బంతిభోజనాల కాలంలో. ముస్లింలకు షాదీఖానాలు, క్రైస్తవులకు చర్చి ఆవరణలోని హాళ్ళు ఇదే విధంగా ఉపకరిస్తాయి.

తిరుమల తిరుపతి దేవస్థానం రాష్ట్రంలోని అనేక పట్టణాలలో కల్యాణ మండపాలు నిర్వహిస్తోంది. ఏ ఊళ్ళో ఉన్నదీ, ఏ తేదీ ఖాళీ ఉన్నదీ దేవస్థానం వెబ్‌సైటులో చూసి గదులు బుక్ చేసుకున్నట్లే బుక్ చేసుకోవచ్చు. శాకాహారం తప్పనిసరి. దేవుని సన్నిధిలోనే పెళ్ళి కావాలనుకునేవారికి ఇటు సింహాచలం, అటు తుని దాటాక అన్నవరం ఉండనే ఉన్నాయి. అన్నవరంలో పెళ్ళి, వెంటనే సత్యనారాయణ వ్రతం జరుపుకుని వచ్చే ఆనవాయితీ ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉంది. ఎలమంచిలి, అన్నవరం ఒకే రైలుమార్గంపై ఉండటం ఒక వెసులుబాటు. కాని కొండమీద పెళ్ళి చేసి భోజనాలు ఎక్కడ పెట్టాలన్నది వేరే లెక్క. బంధువులను తరలించే బస్సుల ఖర్చు కలిపితే చౌక అనుకున్నది చౌక కాకపోవచ్చు.

జాతీయ రహదారి పొడవునా వెలసిన ప్రైవేటు ఫంక్షన్ హాళ్ళ సంగతి ఒక్కొక్కదానిది ఒక్కొక్క తీరు. ఏసీ లేనివి, పాతవి బయటి వంటకు సులభంగా ఒప్పుకుంటాయి. కొత్తవి, హోటళ్ళకు అనుబంధంగా ఉన్నవి ఒప్పుకోవు. బేరానికి అవకాశం మాత్రం అన్నిచోట్లా ఉంది. ముహూర్తాలు పలచగా ఉన్న నెలలో, వారం మధ్య రోజున, రాత్రి కాక పగటి ముహూర్తానికి అడిగితే షరతులు కొంత సడలుతాయి.

ముహూర్తాల రద్దీ

మండపం దొరకడం, దొరకకపోవడం పంచాంగం చేతిలో ఉంటుంది. ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు. మూఢం, అధికమాసం వస్తే మరికొన్ని వారాలు పోతాయి. 2025 నవంబరు చివరి వారం నుండి 2026 ఫిబ్రవరి మధ్య వరకు శుక్రమూఢం, అదే ఏడాది మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం రావడంతో ఆ ఏడాది ముందు సగంలో పెళ్ళిళ్ళన్నీ కొద్ది వారాలలోకే ఇరుక్కున్నాయి. ఇటువంటి సమయాలలో షరతులు పెట్టేది యజమాని, తలొగ్గేది పెళ్ళివారు. పురోహితుని వద్ద ఒకే ముహూర్తం కాక రెండు మూడు పెట్టించుకుని మండపం వద్దకు వెళ్ళేవారికి అద్దెలోనూ, వంట అనుమతిలోనూ మాట్లాడే చోటుంటుంది. వంటమేస్త్రిని కూడ మండపంతోపాటే ఖాయం చేసుకోవాలి. మంచి ముహూర్తం నాడు మండపం దొరికి వంటవాడు దొరకని సందర్భాలు లేకపోలేదు.

రోజు అంటే ఎన్ని గంటలు?

మన పెళ్ళిళ్ళలో అర్ధరాత్రి, తెల్లవారుజాము ముహూర్తాలు సర్వసాధారణం. మండపం అద్దె మాత్రం 'రోజు'కు. ఆ రోజు ఉదయం 6 గంటల నుండి మరునాటి ఉదయం 6 వరకా, లేక మధ్యాహ్నం నుండి మధ్యాహ్నం వరకా అన్నది అడగాలి. తెల్లవారుజామున 3 గంటలకు తాళి కట్టి, అప్పగింతలు ముగిసేసరికి 7 దాటితే రెండవ రోజు అద్దె పడే ప్రమాదముంది. సొంత వంటకైతే ఇది మరీ ముఖ్యం. రాత్రి 7 గంటలకు బంతి వేయాలంటే పొయ్యి మధ్యాహ్నమే వెలగాలి. కూరగాయలు తరగడానికి, బూరెల పూర్ణానికి, పులిహోర కలపడానికి మనుషులు ఉదయమే రావాలి. 'హాలు సాయంత్రం 4కు ఇస్తాం' అనే మండపంలో బయటి వంటకు అనుమతి ఉన్నా ఉపయోగం లేనట్లే. హాలు తరువాత ఇచ్చినా, వంటశాల ముందుగా తెరుస్తామని రాయించుకోవచ్చు.

వంటశాలలోకి తొంగిచూడాలి

మండపం చూడబోయినవారు వేదిక, దీపాలు, ఏసీలు చూసి తిరిగివస్తారు. సొంత వంట పెట్టుకునేవారు వంటమేస్త్రిని వెంటబెట్టుకుని ముందు పెరటివైపు వెళ్ళాలి. కట్టెలతో గాడిపొయ్యి పెట్టనిస్తారా, గ్యాస్ పొయ్యిలే వాడాలా? నీటి కుళాయి పొయ్యికి ఎంత దూరం? గంజి వార్చిన నీరు, కడిగిన నీరు పోయేందుకు కాలువ ఉందా? సరుకు పెట్టి తాళం వేసే గది ఉందా? బల్లలు, కుర్చీలు, గుండిగలు అద్దెలో కలిసినవేనా? వండినచోటినుండి వడ్డించేచోటికి మెట్లు ఎక్కాలా? పైఅంతస్తులో భోజనశాల ఉన్న మండపంలో సాంబారు కాగులను మెట్లమీదుగా మోయడానికి అదనంగా మనుషులు కావాలి. వంటవారి కూలి అక్కడ పెరుగుతుంది.

గ్యాస్ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంటి అవసరానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరును పెళ్ళి వంటకు వాడరాదు. 19 కిలోల వాణిజ్య సిలిండరే తీసుకోవాలి. బంధువుల ఇళ్ళనుండి నాలుగు సిలిండర్లు పోగుచేసే అలవాటు చట్టవిరుద్ధం. తనిఖీలో పట్టుబడితే సిలిండర్లు పోతాయి, కేసు మీద పడుతుంది.

నిప్పు ప్రమాదాన్ని తేలికగా తీసుకోరాదు. తమిళనాడులోని శ్రీరంగంలో 2004 జనవరి 23న ఒక కల్యాణ మండపం పైఅంతస్తులో వేసిన పందిరికి నిప్పంటుకుని పెళ్ళికొడుకుతో సహా 50 మందికి పైగా మరణించారు. పొయ్యి వల్ల జరిగినది కాదది. విద్యుత్ లోపంతో పుట్టిన నిప్పు ఆకుల పందిరికి అంటుకుంది. బయటకు వెళ్ళే దారి ఇరుకైంది. కనుక వంటశాల పందిరి ఆకులతో, గుడ్డతో వేస్తున్నారా, రేకులతోనా అన్నది చూడాలి. భోజనశాలకు రెండవ ద్వారం ఉందా, ఆరోజు అది తాళం వేసి ఉంటుందా, వంటశాలలో మంటలార్పే పరికరం ఉందా అన్నవి కూడ అంతే ముఖ్యం. మండపానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

క్యాటరింగ్ వారిని బయటినుండి పెట్టుకుంటే వారికి ఆహార భద్రతా చట్టం కింద లైసెన్సు గాని, నమోదు గాని ఉండాలి. ఆ 14 అంకెల నంబరును బిల్లుపై ముద్రించాలన్న నియమం 2022 జనవరి నుండి అమలులో ఉంది. బయటి వంట వల్ల ఎవరికైనా అస్వస్థత కలిగితే మండపం వారు తమకు సంబంధం లేదంటారు. అప్పుడు పట్టుకోగలిగినది ఈ నంబరు, బిల్లు మాత్రమే.

పన్ను ఎంత? ఎప్పుడు?

మండపం అద్దెకు మాత్రమే ఇస్తే జీఎస్టీ 18 శాతం. అద్దె, భోజనం కలిపి ఒకే మండపం సమకూరిస్తే సాధారణంగా 5 శాతం. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే పెద్ద హోటళ్ళలో మాత్రం భోజనంతో కలిపినా 18 శాతమే. బయటి క్యాటరింగ్‌పై 5 శాతం. ఈ తేడాను చూపి 'మా భోజనమే తీసుకోండి, పన్ను తక్కువ' అని చెప్పే యజమానులు ఉంటారు. శాతం తక్కువే. కాని 18 శాతం పడేది అద్దెమీద, 5 శాతం పడేది భోజనంతో కలిసిన మొత్తంమీద. పై ఉదాహరణలో రూ.9 వేలకూ రూ.9,500కూ మధ్య పెద్ద తేడా లేదన్నది గమనార్హం.

ఏడాదికి రూ.20 లక్షల లోపు రాబడి ఉన్నవారు జీఎస్టీ నమోదు చేసుకోనక్కరలేదు. నమోదు లేనివారు పన్ను వసూలు చేయరాదు. బిల్లుమీద జీఎస్టీ నంబరు లేకుండా 'పన్ను' అని రాసి ఉంటే చెల్లించవలసిన పనిలేదు. నమోదైన ధార్మిక సంస్థలకు చెందిన దేవాలయ ఆవరణలలోని మండపాలకు రోజు అద్దె రూ.10 వేల లోపు ఉంటే పన్ను మినహాయింపు ఉంది.

నగదు చెల్లింపులకూ ఒక హద్దు ఉంది. 2017 నుండి ఉన్న ఆదాయపు పన్ను నియమం ప్రకారం, ఒక వేడుకకు సంబంధించి ఒకరి వద్దనుండి రూ.2 లక్షలు, అంతకుమించి నగదుగా స్వీకరించరాదు. జరిమానా పడేది పుచ్చుకున్నవారికే అయినా, రశీదు లేని నగదుతో నష్టపోయేది ఇచ్చినవారు.

ఇంటిముందు పందిరి వేస్తే

అసలు మండపమే వద్దు, వీధిలో షామియానా వేసి ఇంటివద్దనే పెళ్ళి చేద్దామనుకునేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు. వంట విషయంలో ఇంతకంటె స్వేచ్ఛ మరొకటి లేదు. కాని వీధి మనది కాదు. దారి మూసి పందిరి వేయాలంటే పురపాలక సంఘం లేదా పంచాయతీ, పోలీసుల అనుమతి అవసరం. లైసెన్సు లేని చోట 100 మందికి మించి గుమిగూడే కార్యక్రమానికి కనీసం 3 పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, చెత్తను వేరుచేసి ఇవ్వాలని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు పెట్టరాదు.  ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. ఇది మండపాలకూ వర్తిస్తుంది. అరటాకు, అడ్డాకు విస్తరి మన వైపు కొత్తగా నేర్చుకోవలసినవి కావు.

రాసుకోవలసిన మాటలు

ఎక్కువ మండపాలు అడ్వాన్సుకు ఒక చిన్న రశీదు ఇచ్చి, వెనుకవైపు సన్నని అక్షరాలలో షరతులు అచ్చువేస్తాయి. ముందు చదవవలసినది ఆ వెనుకవైపే. బయటి వంటవారితో మండపం వంటశాలలో వండుకోవడానికి అనుమతి ఉందని, అందుకు రాయల్టీ గాని, 'కిచెన్ చార్జీ' గాని లేదని, ఉంటే ఇంత అని రశీదుపైనే చేతితో రాయించి యజమాని సంతకం తీసుకుంటే సరిపోతుంది. వంటశాల ఇచ్చే గంట, ఖాళీచేసే గంట, విద్యుత్తుకు యూనిట్ ధర, జనరేటరు డీజిలు ఎవరిది, శుభ్రం చేసినందుకు ఎంత, పూచీకత్తు సొమ్ము ఎంత, అది ఎన్ని రోజులలో తిరిగి ఇస్తారు అన్నవి కూడ అందులోనే ఉండాలి. మాటమీద నమ్మకం ఉన్నవారు ఫోనులో సందేశంగానైనా పంపి, 'సరే' అన్న జవాబు భద్రపరచుకోవాలి.

పెళ్ళి వాయిదా పడితే, రద్దయితే అడ్వాన్సు సంగతి ఏమిటన్నది అడగడం అశుభమని చాలామంది నోరు విప్పరు. ఇంట్లో మరణం, ముహూర్తం మార్పు, మనుషుల మధ్య మాట తేడా ఎప్పుడైనా రావచ్చు. ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తిరిగి ఇస్తారన్నది, వేరే తేదీకి మార్చుకోవచ్చునా అన్నది ఇంటి పెద్దలు కాకపోతే స్నేహితులైనా అడగాలి. మొత్తం అడ్వాన్సు జప్తు అన్నవంటి ఏకపక్ష షరతులను 2019 చట్టం 'అన్యాయమైన ఒప్పందం'గా పరిగణించే అవకాశం కల్పించింది. అయితే అన్యాయమైన ఒప్పందంపై ఫిర్యాదు రాష్ట్ర కమిషన్ వద్ద చేయాలి. రాసిచ్చినది అమలు చేయకపోవడం, సేవాలోపం వంటివాటికి జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలలోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి చెప్పుకోవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.

పెళ్ళినాడు మండపం తాళాలు తీసుకునేటప్పుడు విద్యుత్ మీటరు అంకెను, వంటశాలలోని గిన్నెలు, బల్లల లెక్కను ఫోనులో ఫొటో తీసి ఉంచాలి. ఖాళీ చేసేటప్పుడు మరొకసారి తీయాలి. పూచీకత్తు సొమ్ములో కోత పడేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే. అప్పగింతల హడావుడిలో ఇంటివారెవరికీ ఇది గుర్తుండదు గనుక ముందురోజే ఒకరికి అప్పగించాలి. మిగిలిన అన్నం, కూరలు సొంత వంటలో మనవే. వాటిని తీసుకెళ్ళడానికి మూతలున్న డేగిశాలు, ఒక ఆటో తెల్లవారకముందే గుమ్మంలో ఉంచుకోవాలి.